పాముల దండ వేసుకునే పునీతుడు: కొకుల్లో ఊరేగింపు నుంచి మన నాగుల చవితి దాకా



ఈ వారం వీడియోలో ఊరేగింపుల గురించి చెప్పుకుంటూ ఇటలీలో ఒక కొండ ఊరి ఉత్సవాన్ని కొన్ని సెకన్లు చూపించాం. భుజాల మీద మోస్తున్న ఒక విగ్రహం, దాని మెడ చుట్టూ, చేతుల మీద, తల మీద బతికున్న పాములు. ఆ కాసేపటికే కామెంట్లు ఎక్కువగా వచ్చాయి. కొందరు "ఇది మన నాగపూజే, అక్కడికి పోయి పేరు మారింది అంతే" అన్నారు. కొందరు "భక్తి చానెల్లో చర్చి ఉత్సవం ఎందుకు బ్రో?" అని అడిగారు. ఒకే ఒక్కరు మాత్రం "ఉత్సవం అయ్యాక ఆ పాముల్ని ఏం చేస్తారు?" అని రాశారు. నిజానికి ఈ పాఠం మొత్తం ఆ మూడో ప్రశ్న గురించే. కానీ దాని దగ్గరికి వెళ్ళాలంటే ముందు ఆ ఊరు, ఆ సాధువు, ఆ రోజు ఏం జరుగుతుంది అనేవి తెలియాలి. వీడియోలో అంత టైమ్ దొరకలేదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ఊరి పేరు కొకుల్లో. చివర్లో ఉన్న "లో" మన విభక్తి కాదు, పేరులో భాగమే. అంచేత "కొకుల్లోలో" అని రాయాల్సి వస్తే నవ్వుకోకండి. మధ్య ఇటలీలో అబ్రుజ్జో అనే ప్రాంతం ఉంది, అందులో లాక్విలా జిల్లా. అపెనైన్ పర్వతాల మధ్య, సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో రాతి ఇళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉండే చిన్న పల్లె. ఏడాది పొడుగునా అక్కడ ఉండేవాళ్ళు మూడొందల మంది కూడా లేరు. మన హైదరాబాదులో ఒక మాదిరి అపార్ట్‌మెంట్‌లో రెండు బ్లాకుల జనాభా అనుకోండి. మే 1న మాత్రం వేల మంది వస్తారు.

ఈ ప్రాంతం వాళ్ళ పాత జీవనాధారం గొర్రెలు. చలికాలం వస్తే మందల్ని తోలుకుని దక్షిణాన పుగ్లియా మైదానాలకి దిగేవాళ్ళు, ఎండలు ముదిరే లోపు మళ్ళీ కొండలెక్కేవాళ్ళు. రాళ్ళలో, పొదల్లో, బయట పడుకునే బతుకు. ఆ కొండల్లో విషమున్న రక్తపింజరి జాతి పాములూ ఉంటాయి, తోడేళ్ళూ ఉంటాయి. కుక్క కరిస్తే వచ్చే పిచ్చికి మందు లేని కాలం అది. పాము కాటు, పిచ్చికుక్క కాటు, పంటి నొప్పి, జ్వరం: వీటి నుంచి కాపాడమని ఎవర్నో ఒకర్ని అడగాలి. వాళ్ళు అడిగింది సాన్ దొమెనికోని. మన తెలుగు కతోలికుల మాటలో చెప్పాలంటే పునీత దొమినిక్.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. గూగుల్‌లో దొమినిక్ అని కొడితే ముందు వచ్చేది స్పెయిన్‌లో పుట్టి డొమినికన్ సభను స్థాపించిన ఆయన. ఆయన వేరు, ఈయన వేరు. ఈయన అంతకు రెండు శతాబ్దాల ముందువాడు. 951లో ఫొలీన్యో ఊళ్ళో పుట్టాడు, బెనెడిక్ట్ సంప్రదాయపు సన్యాసి. కొండల్లో గుహల్లో ఏకాంతంగా ఉంటూ, చుట్టూ జనం పెరగ్గానే అక్కడొక మఠం కట్టించి, మళ్ళీ ఏకాంతం వెతుక్కుంటూ ఇంకో చోటికి పోయేవాడు. ఈ రకం మనుషులు మనకి బాగా తెలుసు, మన సాధువుల చరిత్రల నిండా ఉన్నారు. కొకుల్లోకి దగ్గర్లోనే ఉన్న విల్లాలాగో అనే ఊరి దగ్గర కూడా ఆయన గుహ ఉంది. 1031 జనవరి 22న సోరా అనే పట్టణంలో కన్నుమూశాడు. అందుకే ఆయన్ని సోరా దొమినిక్ అని పిలుస్తారు.

ఆయన గురించి చెప్పే కథల్లో నాకు బాగా నచ్చింది చేపల కథ. ఎవరో పెద్దమనిషి ఆయన మఠానికి చేపలు పంపిస్తాడు. మోసుకెళ్ళేవాళ్ళు దార్లో కొన్నింటిని దాచేసి, మిగిలినవి ఇచ్చి వెనక్కి వస్తారు. దాచిన చోట చూస్తే చేపలు లేవు, పాములున్నాయి. దొంగతనం పాములై కూర్చుంది అన్నమాట. వాళ్ళు వచ్చి తప్పు ఒప్పుకుంటే అవి మళ్ళీ చేపలయ్యాయి. మా అమ్మమ్మకి ఈ కథ చెప్తే, "పుట్ట దగ్గర పెట్టిన చిమ్మిలి దొంగతనంగా తిన్నావని నీకూ ఇదే చెప్పాను కదరా" అంది. నిజమే, చెప్పింది.

కొకుల్లోలో ఆయన గుర్తులు రెండున్నాయి. ఒకటి ఆయన పన్ను, ఇంకోటి ఆయన ఎక్కి తిరిగిన కంచరగాడిద కాలి నాడా. ఊరు విడిచి వెళ్ళేటప్పుడు ఆ రెండూ ఇచ్చి వెళ్ళాడని ఊరివాళ్ళ నమ్మకం. పన్ను మనుషులకి రక్ష, నాడా పశువులకి రక్ష. వినడానికి వింతగా ఉండొచ్చు. గొర్రెలే ఆస్తి అయిన ఊరికి పశువుకి విడిగా ఒక రక్ష కావాలి మరి.

ఆ రోజు జరిగేది

అసలు పని ఉత్సవానికి నెలా నెలన్నర ముందే, మార్చి చివర్లో మొదలవుతుంది. మంచు కరిగి, ఎండ తగిలే వాలుల్లో పాములు శీతనిద్ర నుంచి లేచి బయటికొస్తాయి. అప్పుడు ఊళ్ళో పాములు పట్టేవాళ్ళు కొండల్లోకి వెళ్తారు. వాళ్ళని సెర్పారి అంటారు. ఒక్కరైతే సెర్పారో. ఇది కులవృత్తి కాదు, దీంతో పొట్ట పోసుకునేవాళ్ళూ కారు. తండ్రి వెంట, తాత వెంట తిరుగుతూ నేర్చుకుంటారు. ఒకప్పుడు మగవాళ్ళ పని, ఇప్పుడు ఆడవాళ్ళు, పిల్లలు కూడా పడుతున్నారు. పట్టేది విషం లేని జాతుల్ని మాత్రమే. అందులో పేరున్నది చెర్వోనె: ఒంటి పొడుగునా నాలుగు నల్ల గీతలుండే పాము, రెండు మీటర్ల దాకా పెరుగుతుంది, యూరప్‌లోని పొడవైన పాముల్లో ఒకటి. నెమ్మదస్తురాలు. ఎలుకల్నీ గుడ్లనీ తింటుంది. దీని స్వభావం తెలిశాక విగ్రహం మెడలో అది ఎందుకు అంత ప్రశాంతంగా ఉంటుందో అర్థమవుతుంది. పూర్వం పట్టిన పాముల్ని మట్టి పాత్రల్లో ఉంచేవారు, ఇప్పుడు గాలి ఆడే పెట్టెల్లో ఉంచుతారు.

మే 1 పొద్దున్నే యాత్రికులు గుంపులుగా వస్తారు. పక్క ప్రాంతం లాత్సియోలోని అతీనా ఊరి భక్తులు పాటలు పాడుకుంటూ వచ్చి, దర్శనం అయ్యాక సాధువుకి వీపు చూపించకుండా వెనక్కి నడుస్తూనే గుడి బయటికి వస్తారు. ఈ దృశ్యం చూసి నేను వీడియో ఆపి మళ్ళీ చూశాను. మన గర్భగుడి ముందు పెద్దవాళ్ళు చేసేది సరిగ్గా అదే కదా. మనం సెల్ఫీల హడావిడిలో మర్చిపోయాం గానీ.

లోపల ఒక చిన్న గంట ఉంటుంది. దానికి కట్టిన తాడుని చేత్తో లాగరు, పళ్ళతో పట్టుకుని లాగుతారు. అలా గంట మోగిస్తే ఆ ఏడాది పంటి నొప్పి రాదని నమ్మకం. సాధువు ఇచ్చింది పన్ను కదా, దానికీ దీనికీ అలా లింకు కుదిరింది. ఇంకోటి, సాధువు మందిరం వెనక గుహలాంటి చోట మట్టి ఉంటుంది. యాత్రికులు దాన్ని కొంచెం మూటగట్టుకుని ఇంటికి తీసుకెళ్తారు. పొలంలో చల్లుతారు, ఇంటి చుట్టూ చల్లుతారు, పురుగూ పుట్రా రాకుండా.

ఈ మాట చదవగానే గోదావరి జిల్లాల వాళ్ళకి పుట్ట బంగారం గుర్తుకు రాలేదా? నాగుల చవితి నాడు పుట్టలో పాలు పోశాక, ఆ తడి మట్టి కొంచెం తీసి పిల్లల చెవులకి రాస్తారు. చెవి పోటు రాదని. మా అమ్మమ్మ దాన్ని మట్టి అననిచ్చేది కాదు, బంగారం అనే అనాలి. అక్కడ పన్ను, ఇక్కడ చెవి. మందుల షాపు దూరంగా ఉన్న రోజుల్లో రాత్రిళ్ళు నిద్రపోనివ్వని రెండు నొప్పులూ అవే.

పూజ ముగిశాక మధ్యాహ్నం 12 గంటలకి విగ్రహం గుడి బయటికి వస్తుంది. గుమ్మం ముందు ఆగుతుంది. అప్పుడు సెర్పారి ముందుకొచ్చి ఒక్కో పాముని ఎత్తి విగ్రహం మీద వేస్తారు. కొయ్య భుజాల మీద అవి పాకుతూ, తల చుట్టూ తిరుగుతూ, ఒకదాన్నొకటి చుట్టుకుంటూ ఉంటాయి. జారి పడితే మళ్ళీ తీసి పైన పెడతారు. ఎటు పాకుతుందో, సాధువు ముఖం మీదికి వస్తుందో లేదో చూసి ఆ ఏడాది ఎలా ఉంటుందో చెప్పే పెద్దవాళ్ళూ ఉన్నారు. విగ్రహానికి అటూ ఇటూ ఇద్దరు అమ్మాయిలు సంప్రదాయ దుస్తుల్లో, తలల మీద బుట్టలు పెట్టుకుని నడుస్తారు. ఒక్కో బుట్టలో ఐదేసి గుండ్రటి రొట్టెలు. సాధువు చేసిన ఒక మహిమకి గుర్తుగా తెచ్చే ఆ రొట్టెల్ని తర్వాత జెండా మోసినవాళ్ళకీ విగ్రహం మోసినవాళ్ళకీ ఇస్తారు. అది వాళ్ళ హక్కు. మన దగ్గర వాహనం మోసిన బోయీలకి ప్రసాదంలో మర్యాద వాటా ఉన్నట్టే. ఇరుకు సందుల్లో బ్యాండు మేళంతో ఊరు చుట్టి వస్తారు.

వీడియోలో చూసి ఇదంతా గందరగోళం అనుకున్నవాళ్ళకి ఒక మాట: అది చాలా క్రమశిక్షణగా జరిగే పని. విగ్రహం మీదికి ఏ పాము వెళ్ళాలి, ఎవరి చేతిలోంచి వెళ్ళాలి, ఎవరు పక్కన నడవాలి, అన్నీ ముందే తేలి ఉంటాయి.

"ఇది మన నాగపూజే" అనే మాట గురించి

పోలికలు చూస్తే ఎవరికైనా అలా అనిపిస్తుంది, కాదనను. కానీ ఇద్దరు ఇంజినీర్లు విడివిడిగా ఒకే సమస్యకి ఒకేలాంటి కోడ్ రాయడం మనం రోజూ చూస్తాం. కాపీ అనాలంటే ఫంక్షన్ పేర్లు, కామెంట్లు, అవే బగ్స్ కనిపించాలి. పాములు, పొలాలు, చెప్పుల్లేని కాళ్ళు ఉన్న ప్రతి చోటా మనుషులకి పాముతో ఒక ఒప్పందం కావాలి. ఆ ఒప్పందానికి మనమే పేటెంట్ తీసుకోలేం.

దగ్గరి పోలిక కావాలంటే అక్కడే ఉంది. రోమన్ల కాలంలో ఈ కొండల్లో మార్సి అనే జనం ఉండేవారు. పాముల్ని లొంగదీయడంలో, కాటుకి మందు వేయడంలో వాళ్ళకి పేరు. వాళ్ళ దేవత అంగీతియా. ఫూచినో సరస్సు ఒడ్డున ఆమెకొక పవిత్రవనం ఉండేది, ఇప్పటికీ అక్కడి ఊరి పేరు లూకో దెయ్ మార్సి, అంటే మార్సి వాళ్ళ వనం. ఆ సరస్సుని మాత్రం 19వ శతాబ్దంలో ఎండగట్టి పొలాలు చేశారు. వర్జిల్ మహాకవి తన ఈనియడ్ కావ్యం 7వ భాగంలో మార్సి జనం నుంచి వచ్చిన ఉంబ్రో అనే పూజారి గురించి చెప్పాడు: చేతి స్పర్శతో, పాటతో పాముల్ని నిద్రపుచ్చేవాడట. ఇలాంటి నేల మీద పాముల సాధువు పుట్టుకొచ్చాడంటే ఆశ్చర్యం లేదు. చాలామంది పండితులు అంగీతియాకీ ఈ ఉత్సవానికీ బంధం చూస్తారు. ఇటలీ మానవశాస్త్రవేత్త అల్ఫోన్సో ది నోలా 1970లలో కొకుల్లో గురించి లోతుగా అధ్యయనం చేసి పుస్తకం రాశాడు. అయితే దేవతకీ సాధువుకీ మధ్య వెయ్యేళ్ళు ఉన్నాయి. ఆ వెయ్యేళ్ళనీ ఒక్క వాక్యంలో దాటేసి "అదే ఇది" అనడం నాకు ఇష్టం ఉండదు. మన గుళ్ళ గురించి ఎవరైనా అలా అంటే మనం ఒప్పుకుంటామా?

సాధువు పండుగ రోజు అసలు జనవరి 22, ఆయన పోయిన రోజు. పాముల ఊరేగింపు మాత్రం వసంతంలో. చాలా కాలం మే నెల మొదటి గురువారం చేసేవారు. 2012 నుంచి మే 1కి మార్చారు, ఆ రోజు దేశమంతా సెలవు కాబట్టి వలస పోయిన పిల్లలూ యాత్రికులూ రాగలరని. జనవరిలో పాములు నేల కింద నిద్రలో ఉంటాయి కాబట్టి ఈ ఉత్సవానికి టైమ్‌టేబుల్ వేసింది ఒక రకంగా పాములే.

ఇంకో తేడా కూడా ఉంది. పోలికలకి మురిసిపోయి దీన్ని మర్చిపోతే పాఠం మొత్తం తప్పుతుంది. కతోలిక విశ్వాసంలో ఆరాధన దేవుడికి మాత్రమే. పునీతుడికి గౌరవం, ఆయన తరఫున దేవుణ్ణి వేడుకొమ్మని విన్నపం. విగ్రహానికి మన ఉత్సవమూర్తికి ఉన్నట్టు ప్రాణప్రతిష్ఠ లేదు. పాము అక్కడ దేవుడు కాదు. భయపెట్టే ఒక ప్రాణి, సాధువు ముందు శాంతించిన ప్రాణి. మనకి అలా కాదు. మనం పాలు పోసేది నాగేంద్రుడికే. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడు పుట్ట మీద లింగంగా వెలిశాడని దండం పెడతాం. నాగరాజు, నాగేశ్వరరావు, నాగమణి, నాగలక్ష్మి: మీ కుటుంబంలో ఈ పేర్లు లెక్కపెట్టి చూడండి. పాముని దేవుడిగా కొలిచేది మనం, వాళ్ళు కాదు.

"చర్చి ఉత్సవం ఎందుకు" అన్నవాళ్ళకి నా జవాబు కూడా ఇందులోనే ఉంది. గుణదల కొండ మీది మేరీమాత ఉత్సవాలకి ఫిబ్రవరిలో విజయవాడ ఎలా నిండిపోతుందో అక్కడ పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అక్కడ తేరు ప్రదక్షిణ అనే మాటే వాడతారు. పక్కవాడి తేరుని చూసినంత మాత్రాన మన రథం ఆగిపోదు.

తర్వాత పాములు ఎక్కడికి పోతాయి

ఇప్పుడు ఆ మూడో ప్రశ్న. ఉత్సవం అయ్యాక పాముల్ని తీసుకెళ్ళి, ఏ చోట పట్టారో ఆ చోటే వదిలేస్తారు. ఏదో ఒక కొండ మీద కాదు, అదే చోట. చెర్వోనె యూరోపియన్ యూనియన్ చట్టం కింద రక్షణ ఉన్న జాతి. ఇటలీలో మామూలు మనిషి దాన్ని పట్టుకుంటే నేరం. కొకుల్లోకి పర్యావరణ శాఖ ప్రత్యేక అనుమతి ఇస్తుంది, షరతులతో. ఉత్సవానికి ముందు సరీసృపాల శాస్త్రవేత్తలు వచ్చి ఒక్కో పాముని కొలుస్తారు, తూస్తారు, ఆడో మగో రాసుకుంటారు, జబ్బులేమన్నా ఉన్నాయా చూస్తారు. చర్మం కింద చిన్న మైక్రోచిప్ పెడతారు. వచ్చే ఏడాది అదే పాము దొరికితే స్కాన్ చేయగానే తెలిసిపోతుంది: ఎక్కడ పట్టాం, ఎంత పెరిగింది, ఆరోగ్యంగా ఉందా. సెర్పారోకి కొండలో ఏ రాయి కింద ఏముందో తెలుసు, శాస్త్రవేత్తకి దాన్ని రికార్డు చేయడం తెలుసు. ఒకరి పని ఇంకొకరికి కావాలి. వందల ఏళ్ళ మొక్కు ఒక డేటాసెట్ కూడా అయింది. నాలాంటివాడికి ఇంతకంటే ఆనందం ఏముంటుంది చెప్పండి.

సంప్రదాయం మీద చట్టం వచ్చి పడినప్పుడు ఆ ఊరు రెండు దార్లు పట్టొచ్చు. "మా నమ్మకం జోలికి రావద్దు" అని గొడవకి దిగొచ్చు, లేదా రబ్బరు పాములు తెచ్చి ఫోటోలకి పోజివ్వొచ్చు. రెండూ చేయలేదు. పాముకి ఏ హానీ జరగడం లేదని ఏటా చూపించే పద్ధతిని ఉత్సవంలోనే భాగం చేసుకున్నారు. ఉత్సవానికి వచ్చినవాళ్ళు ఆ కొలతలు తీసే బల్ల దగ్గరా గుమిగూడతారు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో బత్తీస్ శిరాళా అనే ఊరుంది. నాగపంచమికి అక్కడ నిజమైన నాగుపాముల్ని పట్టి ఊరేగించేవారు. పండుగయ్యాక వదిలేసే ఆనవాయితీ వాళ్ళకీ ఉంది. కానీ గుంపులు, పోటీలు, స్టేజీల మీద ప్రదర్శనలు పెరిగాయి, జంతు ప్రేమికులు కోర్టుకెళ్ళారు, బొంబాయి హైకోర్టు ఆ ఊరేగింపుల్ని ఆపించింది. నాగుపాముకి విషం ఉంది, చెర్వోనెకి లేదు, కాబట్టి రెండూ ఒకటే అనను. కానీ ఆ ఊరివాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. తాతల నాటి పండుగ ఒక కోర్టు కాగితంతో ఆగిపోతే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది.

బత్తీస్ శిరాళా కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది నగరాల్లో మన గేటు దగ్గరికొచ్చే బుట్ట. కిందటేడు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చవితికి వారం ముందు ఒక మెసేజ్ వచ్చింది. ఇన్నాళ్ళూ పాలు పోసిన పుట్ట పక్క ఖాళీ స్థలంలో ఉండేది, దాన్ని జేసీబీతో చదును చేసేశారు. "పాములవాణ్ణే పిలిపిద్దాం, పిల్లలు నిజం నాగుపాముని చూస్తారు, పెద్దవాళ్ళు పాలు పోస్తారు" అని ఒకాయన ప్రతిపాదన. ముప్ఫై లైకులు. చెడ్డ మనసుతో అన్న మాట కాదది, ఆయనకి పిల్లలకి పండుగ చూపించాలని ఆరాటం.

కానీ ఆ బుట్టలోకి రాకముందు ఆ పాముకి ఏం జరుగుతుందో తెలియాలి. కోరలు పీకుతారు. కొన్నిసార్లు నోరు కుట్టేస్తారు. పండుగ ముందు రోజుల తరబడి నీళ్ళు ఇవ్వరు, అందుకే ఆ రోజు పళ్ళెంలో పాలు పెడితే దాహానికి తాగుతుంది. పాము పాలు తాగే జంతువు కాదు, పాలని అరిగించుకోలేదు. తర్వాత చాలా పాములు బతకవు. మనం "స్వామి పాలు తాగాడు" అని చేతులు జోడించే ఆ క్షణంలో ఆ ప్రాణి దాహంతో అల్లాడుతోంది. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నాగుపాముని పట్టడం, పెట్టుకోవడం, ప్రదర్శించడం నేరం. పాములవాడిని ఒక్కణ్ణే దోషిని చేయడం కూడా న్యాయం కాదు. ఆయన తాతలకి ఇదే బతుకు, చట్టం వచ్చి పని తీసేసింది, వేరే పని ఎవరూ చూపించలేదు. మనం ఇచ్చే వంద రూపాయలు లేకపోతే ఆ బుట్ట రాదు, అంతే.

ఇది రాస్తుంటే నాకు కష్టంగానే ఉంది. పాముని దేవుడు కాదన్న ఊరు దాన్ని తూచి, కొలిచి, పట్టిన రాయి దగ్గరికే తీసుకెళ్ళి వదులుతోంది. దేవుడే అన్న మనం నోరు కుట్టిన పాముకి హారతి పడుతున్నాం. మన శాస్త్రాల్లో ఇది లేదు. మన ఇళ్ళలోనూ లేదు. నాగుల చవితి నాడు నేల తవ్వకూడదని, కొన్ని ఇళ్ళల్లో ఆ రోజు కత్తిపీటే ముట్టుకోకూడదని ఒక నియమం ఉంది కదా. మా అమ్మమ్మని ఎందుకని అడిగితే, "కింద వాళ్ళుంటారు, దెబ్బ తగులుతుంది" అంది. పాముల్ని "వాళ్ళు" అంటుంది ఆవిడ. పుట్ట దగ్గరికి మనం వెళ్ళి, మన పాలు మనం పోసి, వాళ్ళని చూడకుండానే వెనక్కి రావడం: అసలు పద్ధతి అది. చవితి పూజలో పాము బయటికి రావాల్సిన అవసరమే లేదు. వస్తే భయపడి పారిపోయేది మనమే, నిజం చెప్పాలంటే.

గ్రూపులో నేను పెద్ద వ్యాసం రాయలేదు. కొకుల్లో వీడియో లింకు పెట్టి, పాముల్ని వెనక్కి వదిలే భాగం ఏ నిమిషంలో ఉందో రాశాను. తర్వాత అమ్మమ్మ మాట ఒక్కటి రాశాను. కొంత వాదన జరిగింది. "వాళ్ళ దగ్గర నేర్చుకోవాలా మనం?" అని ఒకరు అన్నారు. మూడో ఫ్లోర్ పిన్నిగారు మాత్రం, "పుట్ట కావాలంటే మా తమ్ముడి పొలం గట్టు మీద ఉంది, పొద్దున్నే బయల్దేరితే గంటన్నర" అన్నారు. తెల్లవారుజామున నాలుగు కార్లలో వెళ్ళాం. చలిమిడి, చిమ్మిలి, వడపప్పు, ఒక చిన్న గిన్నెలో పచ్చిపాలు. ఇంతకుముందు లీటర్ల కొద్దీ పోసేవాళ్ళం. పుట్ట లోపల పాలు నిండితే అక్కడ ఉన్న ప్రాణులకి ఊపిరాడదని పిన్నిగారే చెప్పి, ఉద్ధరిణితో పోయించారు. పిల్లలు పుట్ట బంగారం చెవులకి రాసుకుని ఒకళ్ళనొకళ్ళు చూసి నవ్వుకున్నారు.

కొకుల్లోకీ చిక్కులున్నాయి. 2020లో కరోనా వల్ల ఊరేగింపు జరగలేదు. ఊరు ఏటేటా ఖాళీ అవుతోంది, చదువుకున్న పిల్లలు రోముకో మిలానుకో పోతున్నారు. పాముల్ని పట్టడం పుస్తకంలో చదివి నేర్చుకునేది కాదు, మార్చి ఎండలో ఎవరో ఒక పెద్దాయన వెంట కొండ తిరగాలి. ఆ పెద్దాయన ఉన్నప్పుడే తిరగాలి.

వెళ్ళి చూడొచ్చా అని అడిగినవాళ్ళకి: చూడొచ్చు. రోమ్ నుంచి సుల్మోనా మీదుగా పెస్కారా వెళ్ళే రైలు మార్గంలో కొకుల్లో స్టేషన్ ఉంది, ఏ25 హైవే మీద ఆ పేరుతోనే ఎగ్జిట్ ఉంది. మధ్యాహ్నం 12కి విగ్రహం బయటికొస్తుంది, గుడి ముందు చోటు కావాలంటే చాలా ముందే చేరాలి. సెర్పారి అడిగినవాళ్ళకి పాముని చేతికి ఇస్తారు. ఇస్తే మధ్యలో, బరువు ఆనేలా రెండు చేతులతో పట్టుకోండి, మెడ దగ్గర నొక్కకండి. వీపు చూపించకుండా గుడి బయటికి రావడం ఎలాగో అతీనా వాళ్ళని చూసి రండి.